జీర్ణోద్ధరణమా, రూపాంతరమా?

1961వ సంవత్సరము మార్చి నెలలో జెనీవా నగరమున జరిగిన మోటారు ప్రదర్శనమునందు ఇంగ్లండుకు చెందిన జాగ్వార్ కంపెనీవారు ఒక క్రొత్త స్పోర్ట్సు కారును లోకమునకు చూపిరి. దాని పేరు ఈ-టైప్. మిక్కిలి పొడవైన ముక్కు, బాగుగా వెనుకకు జరిగియున్న రెండే ఆసనములు, ఎక్కడను కోణమన్నది లేక ఒకదానిలో ఒకటి కలిసిపోవు వంపులు. యంత్రములయందు అభిరుచి లేనివారు కూడ దానిని చూచి నిలిచిపోవుదురు. ఆ రూపమును తీర్చిన మాల్కమ్ సేయర్ విమాన నిర్మాణశాలలో పనిచేసి వచ్చినవాడు. గాలి ఎట్లు ప్రవహించునో లెక్కకట్టి, ఆ లెక్కల నుండి ఆ వంపులను రాబట్టెను. కారు గంటకు 150 మైళ్ళు, అనగా సుమారు 240 కిలోమీటర్లు పోగలదని కంపెనీవారు ప్రకటించిరి. వెల ఇంగ్లండులో రెండువేల పౌండ్లకు కొంచెము పైన. 1974లో ఉత్పత్తి ఆగునప్పటికి 72 వేలకు పైగా ఈ-టైప్ కార్లు తయారయినవి. 1996లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియమువారు 1963 నాటి ఈ-టైప్ కారు నొకదానిని తమ సేకరణమున చేర్చుకొనిరి.

మ్యూజియములో నిలిచిన ఆ కారునకు ఏ బాధయు లేదు. దానిని ఎవరును నడుపరు. కావున ఎవరును మార్చరు. నేను వ్రాయబోవునది ఇంకను రోడ్డుమీద తిరుగుచున్న దాని తోబుట్టువులను గూర్చి. వానిని కలిగియున్న వారిలో పలువురు ఇటీవల వానికి రెండు క్రొత్త అంగములను తగిలించుచున్నారు. ఒకటి పవర్ స్టీరింగు. అనగా స్టీరింగు చక్రమును త్రిప్పు చేతికి తోడుపడు విద్యుత్ మోటారు. రెండవది ఆయిల్ కూలరు. అనగా ఇంజనులో తిరుగు నూనెను చల్లార్చు చిన్న రేడియేటరు. ఇందుకు వలయు సామగ్రినంతను ఒక పెట్టెలో అమర్చి అమ్ము వర్తకులును ఏర్పడిరి.

దీనిపై వాదోపవాదములు తీవ్రముగనే జరుగుచున్నవి. పాత కారులో ఒక్క మరను గూడ మార్చరాదని ఒక పక్షము. కారు నడుపుకొనుటకే గాని అలమారులో పెట్టి పూజించుటకు కాదని మరియొక పక్షము. మొదటివారి మాటలో భక్తి యున్నది, రెండవవారి మాటలో లోకజ్ఞానమున్నది. ఐనను ఏ మార్పు చేయవచ్చునో ఏది కూడదో తేల్చుటకు ముందు వేసికొనవలసిన ప్రశ్న ఒకటి కలదు. దానిని ఉభయులును విడిచిపెట్టుచున్నారని నా అభియోగము. ఈ కారు మనలను ఎందుకు కష్టపెట్టుచున్నది? ఆ కష్టము కారుతో పుట్టినదా, నడుమ మనము తెచ్చిపెట్టినదా?

విదేశమందలి విలాసవస్తువును గూర్చి మన ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఏమి పట్టినదని కొందరడుగవచ్చును. పాతదై, ఇంకను వాడుకలో ఉన్న ప్రతి వస్తువునకును ఈ చిక్కు కలదు. గుడికి విద్యుద్దీపములు పెట్టించునపుడును, తాతగారి పెంకుటింటికి కాంక్రీటు కప్పు వేయించునపుడును వచ్చు తగవే ఇది. యంత్రమునందు దానిని చూచుటలో ఒక సౌలభ్యమున్నది. ఇచ్చట అభిరుచుల తగవును కొంతవరకైనను కొలిచి తేల్చవచ్చును.

మొదట స్టీరింగు. ఈ-టైప్ కారులో ఈ ఏర్పాటు మిక్కిలి సరళమైనది. స్టీరింగు చక్రమునకు చెందిన కడ్డీ చివర పళ్ళు గల చిన్న చక్రమున్నది. అది పళ్ళు గల ఒక అడ్డుకడ్డీని ఎడమకో కుడికో జరుపును. ఆ అడ్డుకడ్డీ ముందుచక్రములను త్రిప్పును. మెకానిక్కులు దీనిని ర్యాక్ అండ్ పినియన్ అందురు. మనిషి చేతికిని రోడ్డుకును నడుమ వేరే సహాయము లేదు. కారు కదలుచున్నంతసేపు ఈ చక్రము తేలికగనే తిరుగును. కష్టమంతయు కారు నిలిచియున్నప్పుడు, ఇరుకు స్థలములో కారును పెట్టునప్పుడు. దొర్లుచున్న టైరును ప్రక్కకు మళ్ళించుట వేరు, కదలని టైరును నేలమీద రాచి త్రిప్పుట వేరు. పైగా పోత ఇనుముతో చేసిన ఆరు సిలిండర్ల బరువైన ఇంజను ముందుభాగముననే ఉన్నది.

ఇంతవరకు కారుతో పుట్టిన కష్టము. ఇక మనము తెచ్చిపెట్టినది చూడుడు. 1961లో ఈ కారునకు అమర్చిన టైరు ఇప్పటి దృష్టికి సన్ననిది. పదునైదు అంగుళముల చక్రమునకు 6.40 అంగుళముల కొలత గలది. తరువాత వచ్చిన రేడియల్ టైరులు 185 మిల్లీమీటర్ల వెడల్పు గలవి. నేటి యజమానులలో కొందరు అందము కొరకు అంతకంటె వెడల్పైన చక్రములను, టైరులను వేయించుకొనుచున్నారు. వెడల్పైన టైరును నిలిచినచోట త్రిప్పుట మరింత కష్టము. ఇంతటితో ఆగలేదు. మొదట వచ్చిన కొయ్య అంచు గల స్టీరింగు చక్రము పదునారు అంగుళముల వ్యాసము గలది. అది పెద్దదిగా, పాతకాలపుదిగా కనబడుచున్నదని దానిని తీసి పదునాలుగు అంగుళముల తోలుచక్రమును పెట్టించినవారు కలరు. సన్నకారు లెక్కలు నేర్చిన విద్యార్థి యెవడైనను చెప్పగలడు: అదే పని జరుగుటకు చేయి పెట్టవలసిన బలము పదునారును పదునాలుగుతో భాగించినంత, అనగా నూటికి పదునాలుగు వంతులు పెరుగును. మోకు పొడవును తగ్గించి, చేద బరువుగా నున్నదని నూతిని నిందించువాడు మన ఊళ్ళలో ఉండడు!

కావున ఒక నవీకరణము తెచ్చిన రోగమునకు రెండవ నవీకరణము మందుగా వచ్చుచున్నది. టైరులలో గాలి సరిగా నున్నదా, ముందుచక్రముల కీళ్ళకు గ్రీజు పెట్టిరా, చక్రముల వరుస సరిచూచిరా, అసలు కొలతల టైరును చక్రమును తిరిగి వేసి చూచిరా – ఈ నాలుగును చేయక మోటారు తగిలించువానికి కారు ఎట్టిదో ఇంకను తెలియదనియే నేనందును. ఆరువది ఏండ్లుగా నలుగురైదుగురు యజమానుల చేతులు మారిన కారు మనకు తొలిరూపమున రాదు. మనము పాతదని భ్రమించునది చాలవరకు నడుమవారి చేర్పులతో కూడినది.

ఈ నాలుగును చేసిన పిమ్మట గూడ బరువు మిగులును. దానిని కాదనుట న్యాయము గాదు. ఆ మిగిలిన బరువును ఏమి చేయవలెననునదే అసలు తగవు.

పవర్ స్టీరింగు అనునది కొందరనుకొనునట్లు నిన్న మొన్నటి పోకడ కాదు. అమెరికాలో పియర్స్-ఆరో కంపెనీ ఇంజనీరైన ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే నూనె ఒత్తిడితో పనిచేయు స్టీరింగును నిర్మించి చూపెను. ఆర్థికమాంద్యపు రోజులలో దాని వెల కార్ల కంపెనీలను భయపెట్టినది. 1951లో క్రైస్లర్ కంపెనీవారి ఇంపీరియల్ కారుతో అది బజారుకు వచ్చినది. విద్యుత్ మోటారుతో పనిచేయు రకము 1988లో జపానులో సుజుకి కంపెనీవారి సెర్వో అను చిన్న కారులో మొదట కనబడినది. మరియు మన ఈ-టైప్ సంగతియే చూడుడు. 1968లో వచ్చిన దాని రెండవ శ్రేణిలో పవర్ స్టీరింగును కోరినవారికి కంపెనీవారే అమర్చి యిచ్చిరి. 1971లో పండ్రెండు సిలిండర్ల ఇంజనుతో వచ్చిన మూడవ శ్రేణిలో అది అన్ని కార్లకును ఉండెను. తండ్రి తన రెండవ మూడవ బిడ్డలకు పెట్టిన నగ మొదటి బిడ్డకు పెట్టిన యెడల కులము చెడునని వాదించుట కొంచెము కష్టమే.

ఐనను మొదటి పక్షమువారి వాదములో ఒక గట్టి విషయము కలదు. దానిని వారు భావావేశముతో చెప్పుదురే గాని శాస్త్రముతో చెప్పరు. కావున నేను చెప్పెదను. కారు మలుపు తిరుగునపుడు ముందుటైరు నేలను తాకుచోట కొంచెము మెలిపడును. ఆ మెలి టైరును తిన్నని దారికి మరలింపజూచును. ఆ బలమే పళ్ళకడ్డీ గుండ, స్టీరింగు కడ్డీ గుండ మన అరచేతికి వచ్చును. మలుపు వాడియైనకొలది చేతికి బరువు పెరుగును. ఇచ్చట ఒక విచిత్రమున్నది. టైరు పట్టు ఇక సడలబోవుచున్నదనగా, పట్టు పూర్తిగా పోకముందే, ఆ మరలించు బలము తగ్గనారంభించును. చక్రము చేతిలో ఒక్కసారి తేలికయగును. అది కారు మనతో చెప్పుమాట: ఇక చాలు, నెమ్మదించుము అని. సన్నటైరులతో గంటకు నూరు మైళ్ళు పైబడి పోవుటకు పుట్టిన కారులో ఈ మాట వినబడుట ప్రాణములకు సంబంధించిన సంగతి. చేతికి మోటారు తోడైనపుడు ఆ మాట మెత్తబడవచ్చును. మోటారు సహాయము హెచ్చుగా నుంచిన యెడల అసలే వినబడకపోవచ్చును.

ఇట్లు చూచినచో ఉపాయము సమస్యలోనే కనబడుచున్నది. చేతికి కష్టము నిలిచినపుడు. చేతికి మాట వినవలసినది వేగమున. విద్యుత్ రకమునందు కారు వేగమును గుర్తించి, నిలిచియున్నపుడు పూర్తి సహాయము చేసి, వేగము పెరిగినకొలది తగ్గించుకొనుచు పోవు ఏర్పాటు సాధ్యము. అట్టి రకమును, వేగమున ఇంచుమించు చేయి వదలివేయునట్లు అమర్చిన యెడల నేను వ్యతిరేకింపను. ఇంకను చెప్పవలెనన్న, స్వాగతించెదను. 1961లో ఇరువది యైదేండ్ల యువకుడుగా ఈ కారును కోరుకొన్నవానికి ఇప్పుడు తొంబది సమీపించినది. భుజముల నొప్పితో, చేతుల వణకుతో కారును షెడ్డులో నిలిపివేసినవారు ఎందరో. చేతిబలము తక్కువైన స్త్రీలకు ఈ కారు తగదని చెప్పు గర్విష్ఠులును కలరు. బలవంతునికే చెందవలెనని ఏ శాసనమున వ్రాసియున్నది? నడవని కారునకు రబ్బరు గొట్టములు పగులును, బ్రేకులు పట్టివేయును, పెట్రోలు టాంకు త్రుప్పుపట్టును. మనిషి చేయి ఆడనిచో యంత్రమును ఆడదు. ముసలియజమాని మరి పదేండ్లు నడుపుటకు ఒక చిన్న మోటారు తోడ్పడునేని, ఆ పదేండ్లు కారునకును ఆయుర్దాయమే.

కాని అమ్మువారు చెప్పని సంగతి ఒకటి కలదు. మొదటి శ్రేణిలో 3.8 లీటర్ల ఇంజను గల కార్లకు విద్యుత్తు నిచ్చునది డైనమో. దాని శక్తి పరిమితము. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు అది ఇచ్చునది మరింత తక్కువ. స్టీరింగు మోటారు ఎక్కువ విద్యుత్తును కోరునది సరిగా అప్పుడే, అనగా కారు నిలిచి, ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా. కావున డైనమోను తీసి ఆల్టర్నేటరును పెట్టవలసివచ్చును. ఆ కార్లలో బాటరీ ధనధ్రువమును కారు దేహమునకు కలిపియుంతురు. నేటి పరికరములకు ఋణధ్రువము కలుపవలెను. ధ్రువములు మార్చిన పిమ్మట అమ్మీటరును, గడియారమును, రేడియోను సరిచేయవలెను. ఒక్క పెట్టె కొందునని బయలుదేరినవాడు కారు విద్యుద్వ్యవస్థనంతను మార్చి ఇంటికి వచ్చును. 1964లో 4.2 లీటర్ల ఇంజనుతో వచ్చిన కార్లకు ఆల్టర్నేటరు ముందే కలదు గనుక వానికి ఈ తిప్పలు లేవు. ఒకే పేరు గల రెండు కార్లలో ఒకే చేర్పు ఒకదానికి చిన్న చికిత్సయు రెండవదానికి పెద్ద శస్త్రచికిత్సయు అగుచున్నదన్నమాట. సూత్రము నొకదానిని చెప్పి అన్నిటికిని వర్తింపజేయువారు ఈ భేదమును గమనింపవలెను.

ఇక నూనె సంగతి. స్టీరింగు మనిషి సుఖమునకును ఆయిల్ కూలరు యంత్రము సుఖమునకును అనియు, కావున రెండవదానికి ఆక్షేపణ ఉండరాదనియు చాలమంది తలంతురు. నాకు ఇందే ఎక్కువ అనుమానము.

ఇంజనులో క్రాంకుషాఫ్టు అను ఉక్కు ఇరుసు బేరింగులమీద తిరుగుననుట స్థూలమైన మాట. నిజమునకు అది బేరింగును తాకదు; నడుమ వెంట్రుకకంటె పలుచనైన నూనెపొరపై తేలుచు తిరుగును. ఆ పొర నిలుచుట నూనె చిక్కదనముపై ఆధారపడియున్నది. వేడి హెచ్చినకొలది నూనె పలుచబడును. మిక్కిలి పలుచబడిన పొర తెగి, లోహము లోహమును తాకును. అప్పుడు బేరింగు నిమిషములలో పాడగును. నూటముప్పది డిగ్రీలు దాటి చాలసేపు నిలిచిన నూనె తన గుణమునే కోల్పోవును. కావున చల్లార్చుట మంచిదే గదా అనిపించును.

కాని నూనె చల్లగా నుండుటయు దోషమే. రసాయనశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు ఈ ఉదాహరణమును తరగతిలో వాడుకొనవచ్చును: ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలినపుడు సుమారు ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. అందులో చాలభాగము పొగగొట్టము గుండ వెడలిపోవును. కొంత పిస్టను అంచుల నుండి జారి నూనెలో కలియును. కాలక మిగిలిన పెట్రోలును కొంత చేరును. నూనె తగినంత వేడియెక్కినపుడే ఈ రెండును ఆవిరియై బయటికి పోవును. ఎప్పుడును ఎనుబది డిగ్రీలకు లోపలనే యుండు నూనె నీటితో కలిసి బూడిదరంగు బురదయగును. ఇంగ్లండు చలికాలములో ఆదివారమునాడు పది మైళ్ళు పోయివచ్చు కారునకు, అడ్డుకవాటము లేని ఆయిల్ కూలరును తగిలించుట జ్వరము లేనివానికి చన్నీళ్ళు పోయుటవంటిది. కావుననే బుద్ధిమంతులు థర్మోస్టాటుతో కూడినదానిని పెట్టుదురు. నూనె ఎనుబది డిగ్రీలు దాటువరకు అది కూలరు దారిని మూసియుంచును.

మరి ఈ-టైప్ కారునకు నూనె వేడి నిజముగా బాధయేనా? దాని ఇంజను అడుగుతొట్టిలో సుమారు ఎనిమిదిన్నర లీటర్ల నూనె పట్టును. నేటి సామాన్యమైన చిన్న కారులో మూడు నాలుగు లీటర్లే యుండును. అంత నూనె వేడియెక్కుటకే చాలసేపు పట్టును. ఊరి రద్దీలో కారు ఆగి ఆగి పోవునపుడు మరుగునది నీరు, నూనె కాదు. ఆ కాలపు మొదటి కార్లకు ముందు నోరు చిన్నది, గాలి విసరు విద్యుత్ పంకా ఒక్కటే. ఇది కారుతో పుట్టిన దోషమే. కంపెనీవారే ఒప్పుకొని 1968 నాటి రెండవ శ్రేణిలో ఆ నోటిని పెద్దది చేసి, పంకాలు రెండు పెట్టిరి. నీరు మరుగుచున్నదని భయపడి ఆయిల్ కూలరును కొనువాడు దానిని ఎక్కడ పెట్టును? రేడియేటరు ముందు. అప్పుడు కూలరును దాటివచ్చిన వేడిగాలియే రేడియేటరునకు అందును. నీరు మరింత మరుగును. నిలిచిన కారులో కూలరునకు గాలియే తగులదు గనుక నూనెకును లాభము లేదు. వేడిని ఒక గదిలోనుండి తీసి ప్రక్కగదిలో పెట్టినట్లయినది.

నూనె నిజముగా కాగునది గంటల తరబడి మిక్కిలి వేగముతో పోవునపుడు. అట్టి అవసరము వచ్చినచోట జాగ్వార్ ఇంజనీర్లే కూలరును పెట్టిరి. 1955, 56, 57 సంవత్సరములలో ఫ్రాన్సులోని ల మాన్ పట్టణమున జరిగిన ఇరువదినాలుగు గంటల పందెములను గెలిచిన డీ-టైప్ కార్లలో ఈ ఇంజను వంశమునకే చెందిన ఇంజను కలదు. దానికి నూనె నిలువ చేయు వేరు టాంకు, ఆయిల్ కూలరు రెండును ఉండెను. కావున కూలరు ఈ వంశమునకు పరాయిది కాదు. ఎండదేశములలో దూరప్రయాణములు చేయువారు, పందెపు బాటలమీద నడుపువారు దానిని పెట్టుకొనుటలో తప్పు లేదు. ఐతే గొట్టములు మేలైనవై యుండవలెను. పాత కారులో నూనె ఇంజను దాటి బయటికి రాదు. కూలరు పెట్టిన కారులో ఒత్తిడితో కూడిన నూనె రబ్బరు గొట్టముల గుండ ముక్కువరకు పోయి రావలెను. గొట్టమొకటి ఊడినచో కొద్దిసేపటిలోనే ఇంజను ఎండిపోవును. రక్షణ కొరకు పెట్టినదే ప్రాణాపాయమగును.

ఇంకొక చిన్న మాట. నూనె ఒత్తిడి తగ్గినదని బెంగపడి కూలరు కొనువారున్నారు. ఇంజను నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగునపుడు, నూనె వేడిగానుండగా, చదరపు అంగుళమునకు నలుబది పౌండ్ల ఒత్తిడి ఈ ఇంజనునకు తగినది. కాని ఈ-టైప్ కారులో ఆ ఒత్తిడిని ముల్లుతో చూపు విద్యుత్ పరికరము తప్పు చెప్పుటకు పేరుమోసినది. చవకైన వేరు గేజీని ఒక గంటసేపు తగిలించి చూచిన యెడల సగము బెంగలు తీరును. సాక్షి అబద్ధమాడుచున్నాడేమో విచారింపక శిక్ష వేయుట ఏ ధర్మము?

ఇంతవరకు అవసరమును గూర్చి. ఇక మార్పు చేయునపుడు పాటింపవలసిన నియమము మాట. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్యవారు ట్యూరిన్ శాసనపత్రమను పేరితో కొన్ని సూత్రములను ఏర్పరచిరి. 1964లో వెనిస్ నగరమున కట్టడముల రక్షణ కొరకు ఏర్పడిన శాసనపత్రము దానికి మాతృక. వాహనమును వాడుచు కాపాడవలెననియు, తప్పనిసరియై చేయు మార్పులు అడ్డముగా కనబడనివై, తిరిగి తీసివేయుటకు వీలైనవై యుండవలెననియు, తీసిన అసలు భాగములను వాహనముతోపాటు భద్రపరుపవలెననియు దాని సారాంశము. మన పండితులు తాళపత్ర ప్రతులను పరిష్కరించు పద్ధతియు ఇదియే. శిథిలమైన అక్షరములచోట తమ ఊహను వ్రాసినను, అది ఊహయని అడుగున సూచింతురు. మూలమందలి పాఠమును చెరిపివేయరు.

ఈ నియమము మంచిదే గాని చాలదు. తిరిగి తీయుటకు వీలగుటయే గీటురాయి యనినచో ఎక్కడికి పోవుదుమో జాగ్వార్ కంపెనీవారే చూపిరి. 2017లో వారు 1968 నాటి ఈ-టైప్ కారునుండి ఇంజనును తీసివేసి, బాటరీలతో నడుచు మోటారును పెట్టి, ఈ-టైప్ జీరో అని పేరు పెట్టిరి. 2018 మేలో ఇంగ్లండు రాకుమారుడు హారీ తన పెండ్లినాటి సాయంకాలము దానిని నడిపెను. ఆ అమరిక పాత ఇంజను కొలతలకు, బరువునకు సరిపోవునట్లు చేసిరి గనుక, ఎప్పుడైనను పాత ఇంజనును తిరిగి పెట్టుకొనవచ్చునని కంపెనీవారు చెప్పిరి. నియమము పాలింపబడినది; కాని ఆ ఇంజను ధ్వని ఏది, ఆ నూనె వాసన ఏది? తిరిగి రాగలదన్న హామీ ఇచ్చి ఇల్లు విడిచిపోయినవాడు ఇంటనున్నట్లు కాదు. కావున తిరిగి తీయుటకు వీలగుటతోపాటు, మార్పు ఉన్నంతకాలము కారు తన పనిని తానే చేయుచున్నదా అని చూడవలెను. కూలరు పెట్టిన కారు తన ఇంజనుతోనే పరుగెత్తుచున్నది. నెమ్మదిలో మాత్రమే తోడ్పడు మోటారు పెట్టిన కారు వేగమున తన మాట తానే చెప్పుచున్నది. బాటరీ కారు అట్లు కాదు.

ప్రభుత్వములకును ఈ చిక్కు తప్పలేదు. ఇంగ్లండులో నలుబది యేండ్లు నిండిన కార్లకు 2018 మే నుండి వార్షిక పరీక్షనుండి మినహాయింపు నిచ్చిరి; ఐతే గడచిన ముప్పదియేండ్లలో వానిలో గణనీయమైన మార్పు జరిగియుండరాదు. స్టీరింగు పద్ధతిని మార్చుట గణనీయమైన మార్పులలో చేరినది. ఆ వెంటనే, భద్రతను మెరుగుపరచుటకు చేసిన మార్పులకు సడలింపు నిచ్చిరి. ఒక చేతితో మూసి రెండవ చేతితో తెరచినట్లున్నదని నవ్వవచ్చును గాని, నాకది తెలివిగల అనిశ్చయముగా తోచుచున్నది.

మన దేశమున 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనముల నియమావళిని సవరించి ఏబది యేండ్లు దాటిన వాహనములకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను ఏర్పరచిరి. నంబరులో వీఏ అను అక్షరములుండును. రుసుము ఇరువదివేల రూపాయలు. వాహనము అసలు రూపమున నిలిచి, చాసిస్‌లో గాని, దేహములో గాని, ఇంజనులో గాని గణనీయమైన మార్పు లేనిదై యుండవలెను. ప్రదర్శనములకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలు పోయించుకొనుటకు, మరమ్మతులకు తప్ప రోడ్డుమీద నిత్యము తిప్పరాదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ వంటివానిని చూచి ముచ్చటపడు ప్రజలకు ఇట్టి చట్టము రావలసినదే. కాని అందులో స్టీరింగు ప్రసక్తి లేదు. ఇంజను గోడకు మరలతో బిగించి, ఒక పూటలో తీసివేయదగిన ఆయిల్ కూలరు ఇంజనులో మార్పగునా కాదా? మే నెల ఎండలో విజయవాడనుండి హైదరాబాదు వరకు ర్యాలీలో పోవలసిన కారునకు అది న్యాయమైన కోరికయే. గణనీయమన్న మాటను ఒక్కొక్క అధికారి ఒక్కొక్క తీరున చదువుకొనుటకు చోటు మిగిలినది.

నన్నడిగిన యెడల, నిషేధములను పెంచుటకంటె ప్రతి పాత కారునకును ఒక నమోదు పుస్తకముండవలెనని నిర్బంధించుట మేలు. ఏ భాగము ఏ తేదీన తీయబడినదో, ఏల తీయబడినదో, అది ఏ పెట్టెలో ఎక్కడ నున్నదో అందు వ్రాయవలెను. డైనమో తీసినవాడు డైనమోను చూపవలెను. పదునారు అంగుళముల కొయ్యచక్రమును తీసినవాడు దానిని చూపవలెను. మార్పునకు ముందు టైరుల కొలత, నూనె వేడి, ఒత్తిడి ఎంతెంత యుండెనో, మార్పు పిమ్మట ఎంతెంత యున్నవో రెండు వరుసలలో నింపవలెను. మొదటి వరుసను ఖాళీగా వదలివచ్చిన దరఖాస్తును తిప్పిపంపుటకు అధికారికి ఇంజనీరింగు పట్టము కూడ అక్కరలేదు.